నది అడుగు గీసేవాళ్లకు

గంగ మీద, ఆ తర్వాత మన కాలువల మీద లోతులు కొలిచి, వాటిని ఎలక్ట్రానిక్ చార్టులుగా మార్చే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

1. లోతు అంకె ఒక్కటే ఉంటే చాలదు. చార్టులో 2.4 మీటర్లని రాశాం. ఏ రోజు కొలిచాం? ఆ రోజు నీటిమట్టం గేజీ ఎంత చూపించింది? అవి చెప్పకపోతే, మనల్ని నమ్మి సరుకుతో వచ్చే సరంగును చేతులారా ఇసుక మేట మీదికి పంపినట్టే. సముద్రంలో ఒక రేవుకు పెట్టుకున్న ఆధార మట్టం చుట్టుపక్కల చాలా దూరం పనికొస్తుంది. నది వాలులో పారుతుంది కాబట్టి ఆధార మట్టం కూడా దానితోపాటు దిగుతూ పోవాలి. గేజీకీ గేజీకీ మధ్య వాలు లెక్కగట్టి, కొలిచిన ప్రతి లోతునూ ఆ మట్టానికి సరిచేయాలి. ఐరోపాలోని డాన్యూబ్ నది మీద 30 ఏళ్ల ప్రవాహం లెక్కలు తీసి, మంచు లేని రోజుల్లో 94 శాతం కాలం నీరు ఏ మట్టానికి తగ్గదో దాన్ని ఆధారంగా పెట్టుకున్నారు. వంతెనల దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. పడవలు నడవగలిగే అత్యధిక నీటిమట్టం నుంచి వంతెన కింద ఖాళీ ఎంతో చూపాలి. ఈ రెండు మట్టాలనూ కలగాపులగం చేశారో, నిండు నీళ్లలో వచ్చే బార్జీ వెళ్లి దూలానికి తగులుతుంది.

2. 1993 సెప్టెంబరు 22 నాటి సంగతి ప్రతి కొత్త ఉద్యోగికీ ముందుగా చెప్పేవాణ్ణి. అమెరికాలో, అలబామాలోని మొబైల్ నగరం దగ్గర అర్ధరాత్రి దాటాక దట్టమైన పొగమంచు. బార్జీలను నెట్టుకెళ్తున్న టగ్గు దారి తప్పి, పెద్ద పడవలు తిరగని పాయలోకి మళ్లి, రైలు వంతెనను గుద్దింది. పట్టాలు పక్కకు జరిగాయి. కాసేపటికే వచ్చిన ఆమ్‌ట్రాక్ రైలు నీళ్లలో పడి 47 మంది చనిపోయారు. టగ్గులో దిక్సూచి లేదు, ఆ నీళ్ల చార్టూ లేదు. రాడార్‌లో వంతెన కనిపించినా, నడిపేవాడు దాన్ని ఇంకో పడవ అనుకున్నాడు. తాను ఏ పాయలో ఉన్నాడో తెరమీద చుక్కగా కనిపించి ఉంటే ఆ మలుపు తిరిగేవాడు కాదని నా నమ్మకం. ఆ ప్రమాదం తర్వాతే అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం తమ నదులకు ఎలక్ట్రానిక్ చార్టులు తయారుచేసే పనికి దిగింది.

3. సొంత గుర్తులు కనిపెట్టకండి. డాన్యూబ్ 10 దేశాల గుండా పోతుంది. ఒక్కో దేశం లాకును ఒక్కో తీరున గీస్తే సరంగు గతేమిటి? సముద్రపు చార్టుల కోసం వచ్చిన ఎస్-57 ప్రమాణాన్నే నదులకు పెంచుకున్నారు. దానికి లాకు, గేజీ, కిలోమీటరు రాయి లాంటివి చేర్చారు. 2003 నుంచి ఐరోపా, అమెరికా నిపుణులు కలిసి కూర్చుని ఆ మార్పులు తేల్చుకుంటున్నారు. చిన్న నియమమే గానీ మరవకండి: ఎడమ గట్టు, కుడి గట్టు అనేవి ఎప్పుడూ ప్రవాహం వెళ్లే వైపు చూస్తూ చెప్పాలి.

4. ఎకో సౌండర్ చెప్పిందల్లా నేల కాదు. మెత్తటి బురద ఉన్నచోట 200 కిలోహెర్ట్జ్ ధ్వని పైపొర నుంచే తిరిగొస్తుంది. 33 కిలోహెర్ట్జ్ ధ్వని కిందికి దూరుతుంది. ఏది నమ్మాలో తేలనప్పుడు గడ వేసి చూసే పాత సరంగును అడగండి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని గీతలు కలిపే కుర్రాళ్లను కూడా ఒక్కసారి పడవెక్కించమని పై అధికారులతో పోట్లాడేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. లోతు గీత నునుపుగా రావాలని మధ్యలో ఉన్న మేటను చెరిపేస్తే ఏమవుతుందో వాళ్లు కళ్లతో చూడాలి. అనుమానం వస్తే తక్కువ లోతే ఉంచండి.

5. తనిఖీ సాఫ్ట్‌వేర్ గీతలు కలిశాయా, గళ్లు నిండాయా అన్నది చూస్తుంది. 7.5 బదులు 5.7 కొట్టారని దానికి తెలియదు. రెండో మనిషి చదవాలి.

6. చార్టు గీయడానికి దొరికినంత తేలిగ్గా దాన్ని సరిచేయడానికి డబ్బు దొరకదు. ప్రయాగ్‌రాజ్ నుంచి హల్దియా దాకా 1,620 కిలోమీటర్ల జాతీయ జలమార్గం-1లో వరద వచ్చిన ప్రతిసారీ నడిచే పాయ చోటు మారుతుంది. మన జాతీయ జలమార్గం-4లో గోదావరి, కృష్ణ భాగాలకూ అదే జరుగుతుంది. అందుకే సర్వే ఖర్చును మొదటి ఏడాదికే కాక ఏటేటా బడ్జెట్‌లో రాయించండి. వరద తీయగానే సర్వే పడవ దించండి. ముందు లంకల దిగువ కొసలు, రేవుల ముఖద్వారాలు కొలవండి. అక్కడే మేట తొందరగా వేస్తుంది. సరిచేసిన ఫైలుకు తేదీ, వరుస సంఖ్య వేసి, అది సరంగు తెరమీదికి చేరిందో లేదో ఫోన్ చేసి అడగండి.