పదో ల్యాప్‌లో మీ బ్రేక్ ఎలా ఉంది?

ట్రాక్ డే బుక్ చేశారు. శభాష్! ఇప్పుడు ఏ ప్యాడ్ కొనాలా అని తల పట్టుకున్నారు. ఫెరోడో అంటాడొకడు. ఈబీసీ అంటాడింకొకడు. హాక్, పాజిడ్ పేర్లు కూడా చెవిన పడ్డాయి. ధర చూస్తే గుండె గుభేల్‌మంటోంది.

ఫోన్ కాసేపు పక్కన పెట్టండి. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీరు ఇవాళ ఎంత గట్టిగా నడుపుతున్నారు? ఎప్పటికో నడపాలనుకుంటున్న వేగం వద్దు. ఇవాళ్టి లెక్క చెప్పండి.

నిజాయతీగా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. మీరు చెప్పగలరు. ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని చూసి నవ్వేవాళ్లెవరూ లేరు.

ప్యాడ్ నుంచి ఏం ఆశించాలి?

ఖరీదైన ప్యాడ్ వేస్తే కారు ఠక్కున ఆగుతుందని చాలామంది నమ్మకం. మొదటి బ్రేక్ వరకూ అది భ్రమే. కంపెనీ ఇచ్చిన ప్యాడ్లతో కూడా పెడల్ గట్టిగా తొక్కితే ఏబీఎస్ పనిలోకి దిగుతుంది. దిగిందంటే ఇక కారును ఆపాల్సింది టైరే. ఆ డబ్బు మంచి టైర్లకు పెడితే కారు నిజంగానే తక్కువ దూరంలో ఆగుతుంది.

మరి పర్ఫార్మెన్స్ ప్యాడ్ ఎందుకు? పదో ల్యాప్ కోసం. మొదటి ల్యాప్‌లో పాదానికి ఎంత బ్రేక్ దొరికిందో పదో ల్యాప్‌లోనూ అంతే దొరకాలి. కన్సిస్టెన్సీ. మీరు కొంటున్నది అదే. మీ డ్రైవింగ్‌లో పెంచుకోవాల్సిందీ అదే.

దీనికి అడ్డుపడేది వేడి. లెక్క చూడండి. మీతో కలిపి 1,100 కిలోల కారు. స్ట్రెయిట్ చివర 160 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి తగ్గిస్తున్నారు. ఆ మూడు సెకన్లలో పుట్టే వేడి రెండున్నర లీటర్లకు పైగా నీళ్లను మరిగే దాకా తీసుకురాగలదు. ల్యాప్‌లో ఇలాంటివి నాలుగైదు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. అందుకే సిటీలో ఏళ్ల తరబడి నోరెత్తని ప్యాడ్ ట్రాక్ మీద పావుగంటలో చేతులెత్తేస్తుంది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లను చూశారా? వాటిలో వేగం తగ్గించే పనిలో పెద్ద వాటా ఎలక్ట్రిక్ మోటార్లదే. మీ పోలోకో స్విఫ్ట్‌కో ఆ అదృష్టం లేదు. వేడంతా బ్రేకులే మింగాలి.

పెడల్ మాట వినండి

కొనే ముందు ఒక సెషన్ గమనించండి. బ్రేక్ తగ్గినట్టనిపిస్తే భయపడి ఊరుకోకండి. ఎలా తగ్గిందో చూడండి. రెండు రకాలుంటాయి. రెండింటికీ మందు వేరు.

పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగనంటోంది. అంటే ప్యాడ్ తన వేడి పరిమితి దాటింది. మీకు పై మెట్టు ప్యాడ్ కావాలి.

పెడల్ మెత్తబడి కిందికి జారిపోతోంది. అంటే బ్రేక్ ఆయిల్ మరిగి, అందులో ఆవిరి బుడగలు పుట్టాయి. అప్పుడు ఎంత గొప్ప ప్యాడ్ వేసినా దండగే.

బ్రేక్ ఆయిల్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. దీన్ని పట్టించుకోకుండా ప్యాడ్లకు వేలు పోసేవాళ్లే ఎక్కువ. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉంటే మీరు ఇంకాస్త జాగ్రత్తపడాలి. ట్రాక్ కోసమే చేసిన ఆయిల్స్‌లో కొన్ని 300 డిగ్రీలు దాటినా తట్టుకుంటాయి. కాబట్టి మొదటి ఖర్చు ఇదే. షెడ్డుకు వెళ్లి పాత ఆయిల్ మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ లైన్లలోని గాలి తీయించండి. పక్కనే నిలబడి చూడండి. ఒక్క హెచ్చరిక: డాట్ 5 అని రాసుంటే అది సిలికాన్ ఆయిల్. డాట్ 5.1 వేరే. పేరు చూసి మోసపోకండి, డాట్ 5ను మీ ఆయిల్‌తో కలపకండి.

మీ మెట్టు ఏది?

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు పక్క గరాజ్‌లోని రేస్ కారును చూసి ఆర్డర్ పెట్టొద్దు. ఆ కారు ట్రైలర్ మీద వచ్చింది. మీరు హైదరాబాద్ నుంచి దాదాపు 600 కిలోమీటర్లు అదే కారు నడుపుకుంటూ శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తున్నారు.

1. ఒకటీ రెండో ట్రాక్ డేలు, మామూలు టైర్లు: కొత్త, నాణ్యమైన కంపెనీ ప్యాడ్లు, కొత్త ఆయిల్. అంతే. మిగిలిన డబ్బుతో ఇంకో ట్రాక్ డే బుక్ చేయండి.

2. తరచూ వెళ్తున్నారు, సెషన్ చివర బ్రేక్ తగ్గుతోంది: రోడ్డుకీ ట్రాక్‌కీ పనికొచ్చే మధ్య రకం. ఫెరోడో డీఎస్2500 లాంటివి ఈ కోవలోవి. కాస్త కీచుమంటాయి. చక్రాలు నల్లబడతాయి. సర్దుకుపోండి.

3. సెమీ స్లిక్ టైర్లు, ట్రాక్‌కే అంకితమైన కారు: అసలు సిసలు రేస్ ప్యాడ్. టైరుకు పట్టు పెరిగితే మీరు ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా బ్రేక్ వేస్తారు. వేడి కూడా అలాగే పెరుగుతుంది.

రెండో మెట్టులో ఉండి మూడో మెట్టు ప్యాడ్ కొంటే ఏమవుతుంది? చాలా రేస్ ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే ఆరింటికి హోటల్ నుంచి ట్రాక్‌కి బయల్దేరారు. బ్రేక్ చల్లగా ఉంది. ముందు లారీ ఆగింది. మీరు తొక్కారు. ప్యాడ్ ఇంకా నిద్రలేవలేదు! ఆర్డర్ పెట్టింది ఈగో. బంపర్ మాత్రం మీది.

ఊహించకండి, కొలవండి

మీ డిస్కులు ఎంత వేడెక్కుతున్నాయో తెలుసుకోవడానికి చవకైన దారి ఉంది. థర్మల్ పెయింట్. డిస్క్ అంచు మీద మూడు రంగుల చుక్కలు పెడతారు. ఏపీ రేసింగ్ వాళ్ల పెయింట్లలో ఆకుపచ్చ దాదాపు 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. సెషన్ తర్వాత చూడండి. ఆకుపచ్చ ఒక్కటే మారిందంటే మీ డిస్క్ 560 దాటలేదు. ఆ వేడిని సులువుగా తట్టుకునే ప్యాడ్ చాలు. పిట్స్‌లోకి వచ్చాక ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకుంటే అప్పటికే డిస్క్ చల్లారి ఉంటుంది. ఆ అంకెను నమ్మకండి.

ట్రాక్ కూడా లెక్కలోకి రావాలి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. అక్కడ కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ చివర మూడంకెల వేగం నుంచి ఒక్కసారిగా దిగాలి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే. వేగాలు తక్కువ, కానీ బ్రేక్‌కీ బ్రేక్‌కీ మధ్య చల్లారే టైమూ తక్కువ.

డబ్బా విప్పినప్పుడు ప్యాడ్ అంచు చూడండి. చాలా ప్యాడ్ల మీద కోడ్ చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ఎఫ్‌ఎఫ్, జీజీ అని. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. ఎఫ్ అంటే ఫ్రిక్షన్ 0.35 నుంచి 0.45. జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదాని కంటే తక్కువ స్థాయిదైతే, వేడిలో జారిపోయే రకం అని అర్థం. అయితే దీన్ని వేదంలా పట్టుకోవద్దు. ట్రాక్ మీద డిస్కులు చూసే 500, 600 డిగ్రీల దాకా ఆ పరీక్ష వెళ్లదు.

ముందు చక్రాలదే ఎక్కువ భారం. కాబట్టి ముందు ఒకటి, వెనక దానికంటే దూకుడైన రకం వేశారనుకోండి, వెనక చక్రాలు ముందే పట్టు కోల్పోయి కారు గిర్రున తిరగొచ్చు. వెనకా డిస్కులుంటే మొదట నాలుగింటికీ ఒకే రకం వేయండి. ప్రయోగాలు తర్వాత.

అలవాటు చేసుకోండి

కొత్త ప్యాడ్ బిగించి నేరుగా దూకుడుగా వెళ్లకండి. బెడ్డింగ్ చేయండి. ఖాళీగా ఉన్న చోట వేగం అందుకుని పెడల్ తొక్కండి. పూర్తిగా ఆపకుండా వదలండి. మళ్లీ వేగం, మళ్లీ బ్రేక్, ఈసారి కాస్త గట్టిగా. ఇలా కొన్నిసార్లు చేసి, చివర్లో బ్రేక్ ముట్టుకోకుండా నడిపి చల్లార్చండి. డిస్క్ మీద ప్యాడ్ పొర సమంగా పరుచుకుంటుంది. కచ్చితమైన పద్ధతి ప్యాడ్ డబ్బాలో ఉంటుంది. చదవండి! స్టీరింగ్ వణికితే డిస్క్ వంకరపోయిందని షెడ్డులో అంటారు. చాలాసార్లు ఆ పొర ఎగుడుదిగుడుగా అంటడమే కారణం.

ప్రతి సెషన్ చివరి ల్యాప్ నెమ్మదిగా నడపండి. పిట్స్‌లో హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. గేర్‌లో ఉంచి, చక్రం కింద దిమ్మ పెట్టండి. తర్వాత చక్రం సందులోంచి ప్యాడ్ చూడండి. ఉపరితలం అద్దంలా మెరుస్తోందా? అంచులు పెళుసుగా రాలుతున్నాయా? వెనక ప్లేటు పెయింట్ బూడిద రంగుకు తిరిగిందా? అయితే ఆ ప్యాడ్ మీ వేగానికి చాలడం లేదు. ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ, ట్రాక్ పేరు, మిగిలిన మందం రాసుకోండి. సగం అరిగిన ప్యాడ్ కాలిపర్‌లోకి వేడిని ఎక్కువ పంపుతుంది. ట్రాక్ కారుకు సగం దగ్గరే మార్చేయడం మేలు.

మూడో మెట్టుకు చేరినా కారును రోడ్డు మీద నడిపే వెళ్తున్నారా? అయితే రోడ్డు ప్యాడ్ల సెట్టు డిక్కీలో ఉంచండి. జాకీ, పానాలు, గ్లోవ్స్ కూడా. సాయంత్రం బ్రేకులు చల్లారాక రేస్ ప్యాడ్లున్న చక్రాలన్నీ విప్పి మార్చుకోండి. చేయి తిరిగాక తేలికైన పని. మార్చాక మొదటి కొన్ని కిలోమీటర్లు ముందు బండికి దూరం ఎక్కువ ఉంచి, మెల్లగా బ్రేక్ వేస్తూ వెళ్లండి. రెండు రకాల ప్యాడ్ల పొరలు డిస్క్ మీద సర్దుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది.