పోటీ పరీక్షల ప్రత్యేకం: చలికాలపు చెరువులో స్పైరోగైరా

కార్తీకం దాటి నీళ్లు చల్లబడ్డాక కరీంనగర్ పల్లెల కుంటల్లో, ఆదిలాబాద్ వాగుల మడుగుల్లో పచ్చటి జారుడు పోగులు తేలుతుంటాయి. ఊళ్లో పాచి అంటారు. అందులో తరచూ కనిపించే ఆకుపచ్చ శైవలమే స్పైరోగైరా. వేరు, కాండం, ఆకు లేని థాలస్ దేహం. సర్పిలాకార హరితరేణువు దీని గుర్తు.

అసలు విశేషం జీవితచక్రంలో ఉంది, శ్రద్ధగా చదవాలి. అనుకూల కాలంలో పోగు ముక్కలై, ప్రతి ముక్కా కొత్త పోగవుతుంది. ఎండలు ముదిరి నీరు తగ్గే వేళకు సంయుగ్మం: పక్కపక్క పోగుల మధ్య గొట్టం ఏర్పడి, ఒక కణంలోని జీవపదార్థం రెండోదానిలోకి చేరుతుంది. సంయోగబీజాలుగా పనిచేసే ఈ జీవపదార్థాలకు కశాభాలుండవు. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సంయోగబీజాల కలయికతో ఏర్పడిన జైగోస్పోర్ మందమైన గోడతో అడుగు బురదలో వేసవిని దాటేస్తుంది. మళ్లీ నీరు చేరి, పరిస్థితులు కుదిరినప్పుడు క్షయకరణ విభజన జరిగి 4 కేంద్రకాలు వస్తాయి. 3 నశిస్తాయి, మిగిలిన ఒక్కదాని నుంచే కొత్త పోగు పుడుతుంది. కాబట్టి పోగు ఏకస్థితికం, ద్వయస్థితిక దశ జైగోస్పోర్ ఒక్కటే.

పిండిపదార్థం హరితరేణువులోని పైరినాయిడ్ల చుట్టూ నిల్వ ఉంటుంది. శైవలాల అధ్యయనం ఫైకాలజీ. భారత శైవలశాస్త్ర పితామహుడు ఎం.ఓ.పి. అయ్యంగార్.