కొండ ఎక్కిన ఐదుగురు – ఎదురుచూపు గురించి ఒక పాఠం



మన బడి సంచికకి ప్రతి ఏడాదీ నేను సామెతల గురించో, సంధుల గురించో రాస్తుంటాను. ఈసారి మా ఇంట్లో వచ్చిన ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. మాది క్రైస్తవ కుటుంబం. అందుకని ఉదాహరణలు బైబిలు నుంచి, తెలుగు క్రైస్తవుల చరిత్ర నుంచి తీసుకున్నాను. మన బడిలో అన్ని మతాల పిల్లలూ కలిసి కూర్చుంటారు. దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా, అడిగింది దొరక్క ఎదురుచూడడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే కదా! కాబట్టి అందరూ చదవవచ్చు.

మా అమ్మాయి ప్రశ్న

మూడేళ్ళ క్రితం ఊళ్ళో మా అమ్మకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయి, ఏం చెబుతోందో ఎవరికీ అర్థం కాకుండా పోయింది. అప్పటి నుంచి మా అమ్మాయి రోజూ పడుకునే ముందు "నాయనమ్మకి మాట రావాలి" అని ప్రార్థన చేసేది. బుకిట్ బటోక్‌లోని మా చిన్న ఫ్లాట్‌లో ఆ ప్రార్థన లేకుండా లైటు ఆర్పిన రోజు లేదు.

ఒక రాత్రి ప్రార్థన మధ్యలో ఆపేసి, "నాన్నా, దేవుడికి తెలుగు రాదా? ఇంగ్లీషులో అడిగితే తొందరగా చేస్తాడా?" అంది.

ముందు నవ్వు వచ్చింది. తర్వాత భయం వేసింది. మర్నాటి నుంచి తను ప్రార్థన చేయడం మానేసింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఆఫీసులో కస్టమరు ఫిర్యాదు పెడితే ఎన్ని గంటల్లో జవాబు ఇవ్వాలో ముందే ఒప్పందం ఉంటుంది. ప్రార్థనకి అలాంటి ఒప్పందం లేదు. ఆ మాట పదేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ ఆదివారం సాయంత్రం తనని తీసుకుని మా దగ్గరి కొండకి వెళ్ళాను. మలయ్ భాషలో బుకిట్ అంటే కొండ అని మీకందరికీ తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం యుద్ధఖైదీల చేత ఆ కొండ మీద ఒక స్మారకం కట్టించింది. స్మారకం ఇప్పుడు లేదు, 120 మెట్లు మిగిలాయి. ఇంటికి వెళ్ళే రోజు కోసం ఎదురుచూస్తూ ఆ ఖైదీలు పని చేశారు. ఆ మెట్ల మీద కూర్చుని, మన తెలుగునాట ఉన్న ఇంకో కొండ కథ చెప్పాను. అదే ఈ పాఠం.

ఒంగోలు కొండ కథ

అమెరికా నుంచి శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ 1836లో తెలుగు దేశానికి వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా ఆ సంఘంలో చేరినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. ఇంత డబ్బు ఖర్చుపెట్టి లాభమేమిటి, మూసేద్దామని అమెరికాలోని పెద్దలు 1848లో ఒకసారి, 1853లో మళ్ళీ చర్చించారు. పటంలో ఒంటరి చుక్కలా కనిపించేది కాబట్టి ఈ మిషన్‌కి 'ఒంటరి నక్షత్రం' అని పేరు వచ్చింది.

అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఐదుగురు ఒంగోలులోని ఒక కొండ ఎక్కారు. లైమన్ జెవెట్ గారు, ఆయన భార్య, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. కింద కనిపిస్తున్న ఊళ్ళ కోసం, ఒంగోలుకి ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగారు. ఒంగోలు వాళ్ళు ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు.

మర్నాడు ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ ఏడాదీ జరగలేదు. జెవెట్ గారికి ఆరోగ్యం చెడి 1862లో అమెరికా వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు మూడోసారి మూసివేత మాట వచ్చింది. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, తెలుగువాళ్ళ మధ్యే చనిపోతానని ఆయన పట్టుపట్టారు. 1865లో తిరిగి వచ్చినప్పుడు ఆయనతో పాటు జాన్ క్లౌ అనే యువకుడు వచ్చారు. మిషనరీ కాకముందు క్లౌ గారు అమెరికాలో భూమి సర్వే చేసిన మనిషి. 1866లో ఆయన ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న, అంటే కొండ మీది ప్రార్థనకి సరిగ్గా పదమూడేళ్ళకి, ఒంగోలు సంఘం మొదలైంది. సభ్యులు ఎనిమిది మంది!

జవాబు వచ్చిన దారి

ఇక్కడ పిల్లలు బాగా గమనించాలి. ముందు పై కులాల వాళ్ళు వస్తారని మిషనరీలు ఆశపడ్డారు. వచ్చినవాళ్ళు మాదిగలు. తోళ్ళ పని చేసే యర్రగుంట్ల పేరయ్య గారు 1866లో విశ్వాసిగా మారి, ఊరూరా తిరిగి తన వాళ్ళకి చెప్పారు. వీళ్ళని చేర్చుకుంటే మేము రామని ఒంగోలులో పై కులాల వాళ్ళు అన్నారు. క్లౌ దంపతులు వచ్చినవాళ్ళని వెనక్కి పంపలేదు. అడిగిన జవాబు అనుకున్న గుమ్మంలోంచి రాలేదన్నమాట. అది అవమానాలు పడ్డ మనుషుల వాడల్లోంచి నడిచి వచ్చింది.

తర్వాత 1876–78లో పెద్ద కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ గారు మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేల మందికి కూలి ఇచ్చారు. పాత సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. జనం మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు. ఇన్నేళ్ళు ప్రార్థించింది దాని కోసమే కదా! అయినా ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ మతం మారకూడదని పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపారు. సహాయం పనులు ఆగిపోయి, ఇచ్చేందుకు ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కొండ మీది ప్రార్థనకి, ఆ రోజుకి మధ్య ఇరవై నాలుగేళ్ళు. మొదట వచ్చిన డే గారు అది చూడలేదు. ఆయన 1871లోనే అమెరికాలో కన్నుమూశారు.

బైబిలు ఏం చెబుతుంది?

అబ్రాహాముకి వాగ్దానం వచ్చినప్పుడు 75 ఏళ్ళు, ఇస్సాకు పుట్టినప్పుడు 100 ఏళ్ళు. మధ్యలో ఆగలేక తొందరపడితే ఇంట్లో కలహం వచ్చింది. హన్నా బిడ్డ కోసం ఏడుస్తూ ప్రార్థిస్తే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఎదురుచూసేవాళ్ళని పెద్దలు కూడా తప్పుగా అర్థం చేసుకోగలరు.

వీళ్ళిద్దరికీ అడిగింది దొరికింది. దొరకనివాళ్ళు కూడా బైబిల్లోనే ఉన్నారు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దాన్ని భరించే కృప దొరికింది. గెత్సేమనే తోటలో యేసు ప్రభువే ఆ గిన్నె తన నుంచి తొలగాలని అడిగారు. అది తొలగలేదు. కాబట్టి ఎవరికైనా జవాబు రాకపోతే, "నీకు విశ్వాసం చాలలేదు" అని మనం అనకూడదు. అది ఓదార్పు కాదు, గాయం మీద కారం.

మరి ఎదురుచూస్తూ ఏం చేయాలి?

నాకు అర్థమైంది ఇది. ఎదురుచూపు అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. జెవెట్ గారు ఆ ఏళ్ళలో తెలుగు కొత్త నిబంధన అనువాదాన్ని సరిదిద్దే పని చేశారు. పేరయ్య గారు నడిచారు. క్లౌ గారు కాలువ తవ్వించారు. ఎవరి చేతిలో ఉన్న పని వాళ్ళు చేశారు.

"మన చేతిలో ఏముంది నాన్నా?" అని మెట్ల మీద మా అమ్మాయి అడిగింది. ఆలోచిస్తే, మా అమ్మ కుడి చెయ్యి బాగానే ఉందని గుర్తొచ్చింది. మా తమ్ముడు ఒక పలక కొనిచ్చాడు. ఇప్పుడు ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ పలక మీద వంకర అక్షరాలతో రాస్తుంది, మా అమ్మాయి కూడబలుక్కుని చదువుతుంది. గుణింతాలంటే పారిపోయే పిల్ల ఒత్తులు కూడా నేర్చుకుంది. నాయనమ్మ మొదట రాసిన మాట "తిన్నావా".

ఇదే దేవుడి జవాబు అని నేను మా అమ్మాయికి చెప్పలేదు. తను అడిగింది మాట, పలక కాదు. మాట ఇంకా రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ తను మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టింది, తెలుగులోనే. నేను పక్కన కూర్చుని ఆమేన్ అంటున్నాను.

కొత్త మాటలు

వాగ్దానం – ఇచ్చిన మాట
కరువు – వానలు లేక పంటలు పండని కాలం
అక్కరకు రావడం – అవసరానికి ఉపయోగపడడం
కూడబలుక్కోవడం – అక్షరం అక్షరం కలిపి మెల్లగా చదవడం

ఇంట్లో మాట్లాడుకోండి

1. క్లౌ గారు పదిహేను నెలలు ఎందుకు ఆగారు? మీరైతే ఆగేవారా?
2. మీ ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్న విషయం ఏమిటి? అమ్మానాన్నలని అడగండి.
3. ఆ ఎదురుచూపులో మీ చేతిలో ఉన్న చిన్న పని ఏమిటి? ఐదు వాక్యాలు రాసి వచ్చే వారం బడికి తీసుకురండి.