కంఠస్థమైన జవాబు – మరచిన ప్రశ్న

విద్యకు జ్ఞాపకశక్తి పునాది. ఈ మాటను మేము కాదనము. అవధాని ధారణను చూసి తెలుగువారు ఆనందిస్తారు. ఎదుటివారి షేర్ ముగిసిన అక్షరంతోనే మరొక షేర్ అందుకునే బైత్‌బాజీని చూసి ఉర్దూవారు వహ్వా అంటారు. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో జ్ఞాపకశక్తిని తక్కువ చేసి మాట్లాడడం తగదు. అయితే ఒక సంగతి గమనించాలి. అవధానికి ధారణ ఒక్కటే చాలదు. అప్పటికప్పుడు సమస్యను పూరించాలి, అప్రస్తుత ప్రసంగానికి బదులు చెప్పాలి. అనగా నిలవ ఉన్నదానిని సమయానికి వినియోగించే బుద్ధి కావాలి. తెలుగువారు బట్టీ అన్నా, ఉర్దూవారు రట్టా అన్నా, మేము ఆక్షేపించేది ఈ బుద్ధి తోడులేని జ్ఞాపకాన్ని మాత్రమే.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. “1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనుగొన్నాడు” అనే వాక్యాన్ని మన విద్యార్థులలో చాలామంది తడుముకోకుండా వ్రాయగలరు. సంవత్సరం సరియైనదే, ఊరు సరియైనదే. కాని వాక్యం తప్పు. రోగి రక్తంలో మలేరియా క్రిమిని మొదట చూసినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్. చూసినది 1880లో, అల్జీరియాలో. మరి పదిహేడేళ్ల తరువాత రాస్ ఇక్కడ కనుగొన్నదేమిటి? ఈ ప్రశ్న పుట్టని మనస్సులో ఆ వాక్యం ఎన్నేళ్లున్నా తప్పుగానే ఉంటుంది.

కావున ప్రశ్న నుండే మొదలుపెడదాము. మలేరియా అనే మాటకు ఇటాలియను భాషలో చెడుగాలి అని అర్థం. బురదనేలల వద్ద నివసించేవారికి ఈ జ్వరం అధికంగా వస్తుందని పూర్వులు గమనించారు. ఆ గమనిక సత్యమే. బురదనేల నుండి దుర్వాసన వస్తుంది గనుక గాలియే కారణమని తలచారు. ఆ నిర్ణయం అసత్యం. అదే బురదలో దోమలూ పుడతాయి. రెండు విషయాలు ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ఆలోచనాశాస్త్రంలో ఇది మొదటి పాఠం.

1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఈ క్రిమిని మోసేది దోమ కావచ్చునని రాస్‌కు సూచించాడు. అయితే దోమ నీటిలో పడి చనిపోతుందనీ, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. అంటే గురువు ఊహలో సగం ఒప్పు, సగం తప్పు. ఏ సగం ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్ ఆ ఊహను యథాతథంగా స్వీకరించలేదు, త్రోసివేయనూ లేదు, పరీక్షించాడు. దోమలు చచ్చిన నీటిని ముందుకు వచ్చినవారి చేత త్రాగించి చూశాడు. నమ్మదగిన ఫలితం రాలేదు. మనుషులపై అటువంటి ప్రయోగం న్యాయమేనా అని నేటి విద్యార్థి అడగవచ్చు, అడగాలి కూడ. గొప్పవారి పనిని సైతం ప్రశ్నించడం అవిధేయత కాదు.

పిమ్మట ఆయన రెండేళ్లపాటు, మధ్యలో వేరే ఊళ్ల ఉద్యోగాలు అడ్డు వచ్చినా, దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ వచ్చాడు. ఏమీ కనబడలేదు. ఇక్కడ దోమకూ మలేరియాకూ సంబంధం లేదని ముగించి ఉండవచ్చు. కాని రాస్ ప్రశ్ననే మార్చాడు. దోమ మోస్తుందా అన్నది పోయి, ఏ దోమ మోస్తుంది అన్నది వచ్చింది. అంతవరకు ఆయన చూసినవి వేరు జాతుల దోమలు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న మరొక జాతి ఆయన చేతికి వచ్చింది. దానినే మనం నేడు అనాఫిలిస్ అంటున్నాము.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలచేత కుట్టించాడు. కుట్టిన దోమ ఒక్కింటికి అతనికి ఒక అణా ఇచ్చాడు. ఆ దోమలు ఎక్కడో పట్టుకున్నవి కావు. నీటిలోని దోమపిల్లల నుండి పెంచినవి. ఎందుకని? బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో తెలియదు. పెంచిన దోమలో ఏదైనా కొత్తగా కనిపిస్తే, అది రోగి రక్తం నుండి వచ్చినదని చెప్పడానికి వీలుంటుంది. ఆగస్టు 20న ఒక దోమ పొట్టగోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా రోగి రక్తంలోని క్రిమిలో కనిపించేవాటి వంటివే. మరునాడు ఇంకొక దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే దోమ శరీరంలో ఆ క్రిమి జీర్ణమైపోలేదు, పెరుగుతున్నది. రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది ఇదీ.

అంతటితో కథ ముగియలేదు. క్రిమి దోమ నుండి తిరిగి ఎలా బయటికి వస్తుంది? 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, అది దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారానే వస్తుందని రాస్ చూపాడు. త్రాగే నీరు అనే ఊహ ఆనాటితో పోయింది. మనుషుల విషయంలో ఈ చక్రాన్ని అదే సంవత్సరం ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

విద్యార్థులారా! ఈ వృత్తాంతాన్ని కూడ కంఠస్థం చేసి ఊరుకుంటే మా శ్రమ వృథా. దీనినుండి మూడు ప్రశ్నలను అలవాటు చేసుకోండి. ఈ వాక్యం ఏ ప్రశ్నకు జవాబు? ఇది నిజమని ఎలా తెలిసింది? ఏది కనబడితే ఇది తప్పని ఒప్పుకుంటాము? ఇవి విజ్ఞానశాస్త్రానికే పరిమితం కావు. నన్నయ ఆదికవి అని మా తరగతిలో అందరూ వ్రాస్తారు. కాని నన్నయకు రెండు శతాబ్దాల ముందటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యమున్నది. అట్లయిన ఆదికవి అన్న మాటకు అర్థమేమిటి? మొదట పద్యం వ్రాసినవాడా, మొదట మహాకావ్యానికి పూనుకున్నవాడా? ఈ చర్చ చేసిన విద్యార్థి నన్నయను మరవడు. మరచినా తిరిగి వెదుక్కోగలడు.

కళాశాల సంఘంవారికి ఒక మనవి. మన విద్యార్థులు బట్టీ పట్టేది సోమరితనం వల్ల కాదు. ఇంట్లో పాఠం చెప్పేవారు లేనివారు చాలామంది. తమది కాని భాషలో పరీక్ష వ్రాయవలసి వచ్చినప్పుడు, సొంత వాక్యం తప్పిపోతుందేమోనన్న భయంతో గైడులోని వాక్యాన్ని ఆశ్రయిస్తారు. ఆ గైడే తప్పయితే వారిని ఆదుకునేదెవరు? కావున ప్రతి పాఠాన్ని మొదట ఉర్దూలోనో తెలుగులోనో తమ మాటల్లో చెప్పడానికి వారికి వ్యవధి ఇవ్వాలి. కళాశాలలో మనమే జరిపే పరీక్షలలోనైనా, పుస్తకంలో నేరుగా జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి ఉండాలి. దానిలో ఫలితానికి కాక, విద్యార్థి చూపిన హేతువుకు మార్కులు వేయాలి. దీనికి ధనవ్యయం లేదు. ఉపాధ్యాయుల ఓర్పు కావాలి.

రాస్ పనిచేసిన భవనం బేగంపేటలో, పాత విమానాశ్రయం సమీపంలో ఉన్నది. ఆయన పేరనే ఉన్న ఆ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందినది. బస్సులో ఆ దారిన పోయే విద్యార్థికి అక్కడ ఏమి జరిగిందన్నదే కాక, అది ఎందుకు రెండేళ్లు ఆలస్యమయిందో కూడ తోటివారికి చెప్పగల శక్తి కలగాలని మా ఆకాంక్ష.