గుమ్మిలో విత్తనపు వడ్లు వేడెక్కుట

కల్లమున నిగనిగలాడిన విత్తనపు వడ్లు తొలకరినాటికి నారుమడిలో సగమైనను మొలవకపోవుట పెక్కుమంది రైతుల యనుభవమే. అందుకు నేలను, నీటిని, ఒక్కొక్కప్పుడు గ్రహములను గూడ నిందింతురు. దోషము తరచుగా గుమ్మిలోనే యుండును.

విత్తనము ప్రాణముగల వస్తువు. అది శ్వాసించును, శ్వాసించునపుడు వేడి పుట్టును. బాగుగా నెండిన గింజలో నీ వేడి మిక్కిలి స్వల్పము. తడి మిగిలిన గింజలో శ్వాసయు, వేడియు హెచ్చును. వేడి యెప్పుడును అధికముగానున్న తావునుండి తక్కువగానున్న తావునకు పోవును గాని, అన్ని వస్తువులును దానికి సమముగా దారి యియ్యవు. పొయ్యిలోని ఇనుప చువ్వను రెండవకొన పట్టుకొన్నను చేయి కాలును. మండుచున్న కొరవిని పట్టుకొనవచ్చును. వడ్లరాశి కొరవివంటిది. పొట్టును, గింజల నడుమ చిక్కిన గాలియు వేడిని సాగనియ్యవు. కావున రాశి నడుమ పుట్టిన వేడి యచ్చటనే కూడును. మిట్టమధ్యాహ్నము ఎండనుండి తీసి వెంటనే పోసిన వడ్లు పెక్కు దినములు చల్లారకుండుటకును ఇదియే కారణము.

80 మొదలు 95 డిగ్రీల ఫారెన్‌హీటు వేడిలో ముక్కుపురుగు, నుసిపురుగు వేగముగా వృద్ధిచెందును. వాని శ్వాసవలన వేడి మరింత పెరుగును. 105 డిగ్రీలు దాటినచో పురుగే యోర్వలేక అంచులకు ప్రాకును. పైన పురుగు కనబడగానే తెగులు ఇప్పుడే మొదలైనదని రైతు తలచును. నడిమి విత్తనము అప్పటికే చెడియుండవచ్చును. నడిమి వెచ్చని గాలి తేమతో పైకెక్కి, చల్లని పైపొరను తాకి, అన్నపుకుండ మూతక్రింద వలె చెమర్చును. పైవడ్లు బూజుపట్టి గడ్డకట్టుట అందువలననే. పడమటియెండ తగులు గోడచెంత నుంచిన రేకుడబ్బాలో, పగలు కాగి రాత్రి చల్లబడు రేకు లోపల, ఈ చెమ్మ మరింత త్వరగా పట్టును.

నూరుపాళ్ల వడ్లలో నీరు 13 పాళ్లకు మించరాదు. పంట కొరికినప్పుడు గింజ పుటుక్కున విరుగవలయును. ఎండిన వడ్లను సాయంకాలము నీడలో పలుచగా పరచి, చల్లారిన పిదపనే గుమ్మిలో పోయవలయును. పక్షమునకొకసారి ఇనుప చువ్వను రాశి నడిమికి దింపి, గడియసేపుంచి, తీసినవెంటనే అరచేత పట్టిచూడవలయును. ఇనుము వేడిని సులువుగా గ్రహించును. లోపలికొన వెచ్చగానున్నచో ఆనాడే గుమ్మిని విప్పి, వడ్లను మరల ఎండబెట్టి చల్లార్చవలయును. ఒకమారు వేడెక్కిన వడ్లలో 100 గింజలను తడిగుడ్డలో కట్టి మొలకెత్తించి లెక్కింపవలయును. 80కి తక్కువ మొలచినచో అవి విత్తనమునకు పనికిరావు. ఈ పరీక్ష రోహిణికార్తెకు ముందే చేసినచో వేరు విత్తనము వెదకుకొనుటకు వ్యవధి దొరకును.