విగ్రహం కింది అక్షరాలు

కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో పోయే అక్కలు ఒకప్పుడు ఏమనేవారు? "బొమ్మ కాడ దింపు బిడ్డా" అనేవారు. ఎవరి బొమ్మ? అది తెలియదు. పుస్తకం పట్టిన బొమ్మ, కర్ర పట్టిన బొమ్మ. అవే గుర్తులు.

ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. విగ్రహం కింది దిమ్మె మీద పేరు ఉంటుంది. పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం ఉంటాయి. ఎవరు ఆవిష్కరించారో కూడా ఉంటుంది. ఒక్కోసారి ఆ పేరే అన్నిటికన్నా పెద్దగా ఉంటుంది!

సిరిసిల్లలో ఒక కూడలి పేరు నేతన్న చౌక్. బట్ట నేసే మనిషి పేరు కూడలికి పెట్టడం చిన్న మాట కాదు. కాని కండెలు చుట్టేది ఎవరు? ఆడవాళ్లే. కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చుట్టేదీ ఆడవాళ్లే. "నేతన్న ఉన్నడు. మరి నేతక్క ఏది?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ కట్టను టాంక్‌బండ్ అంటారు. 1986లో అక్కడ 33 కంచు విగ్రహాలు పెట్టారు. కవులు, రాజులు, పాటగాళ్లు వరుసగా నిలబడ్డారు. కంచు విగ్రహమైనా మొదట మట్టితోనే చేస్తారు. మట్టి బొమ్మ నుంచి అచ్చు తీస్తారు. తర్వాతే కంచు కరిగించి పోస్తారు.

కట్ట మీద నిలబడి చూస్తే నీళ్ల నడుమ బుద్ధుడు కనిపిస్తాడు. అది కంచు కాదు, ఒకటే రాయి. ఎత్తు దాదాపు 58 అడుగులు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఆ రాయి దొరికింది. గణపతి స్థపతి, ఆయన వెంట ఎందరో శిల్పులు దాన్ని చెక్కారు. 1990 మార్చి 10న పడవ మీద తీసుకుపోతుంటే విగ్రహం జారి నీళ్లలో మునిగింది. పని చేస్తున్న కూలీలు కొందరు చనిపోయారు. రెండున్నరేళ్లు దాటాక, 1992 డిసెంబరులో దాన్ని పైకి తీసి నిలబెట్టారు. బుద్ధుడిని చూసేవాళ్లలో ఆ కూలీలను తలిచేవాళ్లు ఎందరు?

మళ్లీ కట్ట మీదికి వద్దాం. 33 మందిలో ఆడవాళ్లు ఎందరు? ఇద్దరే. ఒకరు ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి. ఇంకొకరు మొల్ల. మొల్ల కుమ్మరి ఇంటి బిడ్డ. రామాయణాన్ని తెలుగు పద్యాలలో రాసింది. మట్టి పని చేసే ఇంటి ఆడబిడ్డ రాజుల సరసన నిలబడింది.

2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో అక్కడి విగ్రహాలు కొన్నిటిని కూల్చారు. "మావాళ్లు ఏరి?" అన్నదే అప్పటి కోపం. విరగ్గొట్టడం మంచిదా అంటే కాదు. కాని ఆ ప్రశ్న మాత్రం ఉత్తది కాదు. తర్వాత కొమురం భీం విగ్రహం కూడా టాంక్‌బండ్ మీదికి వచ్చింది.

చాకలి ఐలమ్మ విగ్రహం ఇప్పుడు తెలంగాణలో చాలా ఊళ్లలో ఉంది. ఆమెది పాలకుర్తి. కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ గుంజుకోబోతే ఎదిరించింది. సంఘం అండతో పంట ఇంటికి చేర్చుకుంది. 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

చేయండి:
మీ ఊరి చౌరస్తాలో ఎవరి విగ్రహం ఉంది? దిమ్మె మీద రాసింది చదివి, నోటుబుక్కులో రాసుకోండి. ఆడవాళ్ల విగ్రహాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీ ఊళ్లో ఇంకొక విగ్రహం పెడితే ఎవరిది పెట్టాలి? కేంద్రంలో కూర్చుని మాట్లాడుకోండి.