డోసు ఎవరిది వాళ్లదే

కొత్తవాడలో రూమ్ తీసుకున్న జూనియర్ మొన్న అడిగిండు: "అన్నా, అంత ఫీజు కట్టినా ఏడీహెచ్‌డీకి డాక్టర్ 5 మిల్లీగ్రాములే రాసిండు. మా ఫ్రెండ్‌కు 20. నేనూ పెంచుకోనా?"

వద్దు. మిథైల్‌ఫెనిడేట్‌ను తక్కువతో మొదలుపెట్టి, సాధారణంగా వారానికో మెట్టు పెంచుతారు. ఒకరికి సరిపోయే డోసు ఇంకొకరికి సరిపోదు.

మామూలు మాత్ర 3-4 గంటలే పనిచేస్తుంది. అందుకే వేసుకున్న టైం, చదువు మీద ధ్యాస నిలిచిన గంటలు, ఆకలి, నిద్ర, గుండెదడ రోజూ రాసుకో. ఆ కాగితమే డాక్టర్‌కు దారి చూపిస్తుంది.

ఇది షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు కాపీలుండాలి, ఒకటి షాపువాళ్లు దాచుకుంటారు. 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఫోన్‌లో రాయకూడదు. కాబట్టి మళ్లీ వెళ్లక తప్పదు. ఫీజు బరువైతే ఎంజీఎం సైకియాట్రీ ఓపీలో అడుగు. పరీక్షల ముందు సొంతంగా మాత్ర మాత్రం పెంచకు.